ఎముకకూ ఓ చిరునామా!

గోదావరి లోయలో బయటపడ్డ రాకాసిబల్లి ఇప్పుడు హైదరాబాద్‌లో కొలువుదీరింది. దాని చుట్టం ఒకటి కోల్‌కతాలో ఉంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి అవి పేద్ద ఎముకల గూళ్ళు. శాస్త్రవేత్తలకు మాత్రం సాక్ష్యాలు! కోట్ల ఏళ్ళపాటు ఆ సాక్ష్యాలను మట్టి భద్రంగా దాచింది. తవ్వి తీశాక ఆ బాధ్యత మనుషులది. అందులో ఏమాత్రం ఏమరుపాటు కలిగినా ఎంత పెద్ద రాకాసి అయినా మాయమైపోతుంది. అలా మాయమైనదీ ఒకటుంది!

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం పక్కనే సైన్స్ మ్యూజియం ఉంది. అందులో 2000లో తెరిచిన ‘డైనోసారియం’లోకి అడుగుపెడితే పిల్లలు ఒక్కసారిగా నోరు తెరుస్తారు. పొడవాటి మెడ, అంతకన్నా పొడవాటి తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్ళు... ఎదురుగా నిలబడి ఉంటుంది కోటాసారస్. ‘ఇది అమెరికా నుంచి తెచ్చారా?’ అని అడుగుతారు చాలామంది. కాదు. ఇది అచ్చంగా మన గోదారి బిడ్డ. దీని పూర్తిపేరు ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’. ఆ పేరులోనే ఊరు ఉంది చూడండి... యామన్‌పల్లి! ప్రాణహిత-గోదావరి లోయలోని ఆ పల్లె పేరు ప్రపంచంలోని పురాజీవ శాస్త్రవేత్తలందరికీ తెలుసు. మనకే తెలియదు.

24 గుంటల్లో 840 ఎముకలు

1970ల చివర్లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) శాస్త్రవేత్తలు యామన్‌పల్లి దగ్గర తవ్వకాలు జరిపారు. దాదాపు 2,400 చదరపు మీటర్ల స్థలం అది. మన లెక్కలో చెప్పాలంటే ఓ 24 గుంటలు. ఆ కాస్త జాగాలో ఏకంగా 840 ఎముకలు దొరికాయి. వెన్నుపూసలు, తుంటి ఎముకలు, కాళ్ళు, చేతులు... అన్నీ కలగాపులగంగా పడి ఉన్నాయి.

ఎన్ని జంతువులవి అవి? దీనికి శాస్త్రవేత్తలు వాడే చిట్కా చాలా తేలిక. ఒక జంతువుకి కుడి తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. కుప్పలో పన్నెండు కుడి తొడ ఎముకలు ఉన్నాయంటే కనీసం పన్నెండు జంతువులు ఉన్నట్టే. ఏ ఎముక ఎక్కువసార్లు కనిపిస్తే దాన్ని పట్టి లెక్క కడతారు. అలాంటి లెక్కల్లోనే యామన్‌పల్లిలో కనీసం 12 కోటాసారస్‌లు ఉన్నాయని తేలింది. ఒక మందే వరదలో చిక్కుకుని ఉండొచ్చన్నది ఒక ఊహ.

జీఎస్ఐకి చెందిన పి.యాదగిరి 1988లో ఈ జంతువుకి పేరు పెట్టారు. దాని ఎముకల పూర్తి వివరాలను 2001లో ప్రచురించారు. అంటే పేరు పెట్టడానికీ, పూర్తి వివరాలు ప్రపంచం ముందుకు రావడానికీ మధ్య 13 ఏళ్ళు! తవ్వకం మొదలైనప్పటి నుంచి లెక్కేస్తే రెండు దశాబ్దాల పైమాటే. మ్యూజియంలో జరిగే పని వేగం అలాగే ఉంటుంది.

ఇంతకీ దీని గొప్పేమిటి? పొడవు మెడ, నాలుగు కాళ్ళ నడకతో భూమ్మీద తిరిగిన అతిపెద్ద జంతువుల వంశం సారోపాడ్‌లది. ఆ వంశం తొలినాళ్ళలో ఎలా ఉండేదో చెప్పే ఆనవాళ్ళు ప్రపంచంలో చాలా తక్కువ. కోటాసారస్ ఆ కొద్దిలో ఒకటి. దాని కాళ్ళు చూస్తే సారోపాడ్‌లా నిటారు. తొడ ఎముక మీద ఉన్న చిన్న బుడిపె చూస్తే పూర్వీకుల పోలిక. తాతనీ మనవణ్నీ కలిపే తండ్రి ముఖంలాంటిదన్నమాట.

వీర్నపల్లిలో ఎందుకు దొరకదు?

గోదావరి లోయలో దొరికినప్పుడు మన ఊళ్ళో ఎందుకు దొరకదు... అన్న సందేహం సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు పిల్లలకి రావడం సహజం. ఉదాహరణకి వీర్నపల్లినే తీసుకోండి. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాతోపాటు మండలంగా ఏర్పడ్డ ఈ ఊరి చుట్టూ గుట్టలూ అడవులూ తండాలూ ఉన్నాయి. రాళ్ళకేం కొదవలేదు. కానీ ఎంత తవ్వినా అక్కడ రాకాసిబల్లి దొరకదు.

కారణం రాతిలోనే ఉంది. ఈ ప్రాంతపు గుట్టలు గ్రానైట్, దాని కుటుంబానికి చెందిన రాళ్ళు. వందల కోట్ల ఏళ్ళనాటివి. భూగర్భంలో కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లబడితే గ్రానైట్ అవుతుంది. ఆ వేడిలో ఎముక మిగలదు. పైగా ఆ కాలానికి భూమ్మీద ఎముకలున్న జీవే లేదు. వంటింటి గట్ల కోసం దేశదేశాలకు వెళ్ళే కరీంనగర్ గ్రానైట్ పలకల్లో శిలాజం కనిపించకపోవడానికి కారణం ఇదే.

అదే ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో తూర్పుగా వెళ్ళండి. రామగుండం, మంథని, మహదేవపూర్ వైపు నేల మారిపోతుంది. అక్కడ గోదావరి వెంట భూమి ఎప్పుడో కుంగి పొడవాటి లోయ ఏర్పడింది. దాన్ని నదులు కోట్ల ఏళ్ళపాటు ఇసుకతో, ఒండ్రుతో నింపాయి. సింగరేణి బొగ్గు ఆ పొరల్లోదే. ఆపైన వచ్చిన పొరల్లోనే ఎముకలు దాగి ఉన్నాయి. చచ్చిన జంతువుని కుళ్ళేలోపే ఒండ్రు కప్పేయడం, భూగర్భజలాల్లోని ఖనిజాలు ఎముకలోకి మెల్లగా చేరడం, ఆ పొర కాలక్రమంలో రాయిగా మారడం... శిలాజం పుట్టుక ఇదే. ఈ పొరల వరసకి ‘గోండ్వానా’ అని పేరు. మన గోండుల నేల పేరే అది! ఒకప్పుడు భారత్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలు కలిసి ఉన్న మహాఖండానికీ అదే పేరు స్థిరపడింది.

ప్రాణహిత ఒడ్డున సిరొంచ దగ్గరున్న కోట గ్రామం పేరుమీద ఆ పొరల్లో ఒకదాన్ని ‘కోట పొరలు’ అంటారు. 19వ శతాబ్దంలోనే ఇక్కడ చేపల శిలాజాలు దొరికాయి. కోటాసారస్ పేరులోని ‘కోట’ ఇదే. దాని వయసు సుమారు 18 కోట్ల ఏళ్ళని చాలామంది అంచనా. కొన్ని సూక్ష్మజీవుల శిలాజాల్ని బట్టి ఆ పొరలు ఇంకాస్త తర్వాతివని మరికొందరి వాదన. ఆ చర్చ తేలాలన్నా మళ్ళీ ఆ పొరల దగ్గరికి, మ్యూజియం సొరుగుల దగ్గరికి వెళ్ళాల్సిందే.

‘పెద్ద కాలు’ కథ

కోటాసారస్ కన్నా ముందే ఈ లోయలో మరో భారీకాయం బయటపడింది. గణాంక శాస్త్రవేత్త పి.సి.మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)కి, రాకాసిబల్లులకీ సంబంధం ఏమిటని ఆశ్చర్యపోవచ్చు. అంకెల సంస్థలో ఎముకల విభాగం ఎందుకంటే... శాస్త్రాలన్నీ ఒకేచోట కలవాలన్నది మహలనోబిస్ ఆశ. ఆయన పిలుపుతో 1957లో లండన్ నుంచి పమేలా రాబిన్సన్ వచ్చారు. ప్రాణహిత-గోదావరి లోయలో ఎక్కడ వెతకాలో, ఎలా వెతకాలో మన కుర్రాళ్ళకి నేర్పారు.

ఫలితం కనిపించడానికి ఎంతోకాలం పట్టలేదు. సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) దగ్గర 1958లో మొదటి ఎముకలు దొరికాయి. 1960, 61ల్లో సుమారు 300 ఎముకలు వెలికితీశారు. కనీసం ఆరు జంతువులవి. వాటి మధ్య పెద్దపెద్ద చెట్ల మానులు కూడా రాళ్ళై పడి ఉన్నాయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు... అంటే అయిదున్నర అడుగులు. ఒక మనిషంత! దాన్ని చూసి పనివాళ్ళు ‘బడా పా’ అన్నారు. బెంగాలీలో పెద్ద కాలు అని అర్థం. ఆ మాటే శాస్త్రీయ నామమైంది. 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో ఆయన పేరూ కలిసింది. అలా 1975లో ‘బరాపాసారస్ టాగోరి’ నామకరణం జరిగింది. కోల్‌కతా ఐఎస్ఐ మ్యూజియంలో దాని అస్థిపంజరం ఉంది.

తమాషా ఏమిటంటే బరాపాసారస్‌కీ, కోటాసారస్‌కీ ఇద్దరికీ తలలు దొరకలేదు. కొన్ని పళ్ళే దొరికాయి. సారోపాడ్‌ల పుర్రె ఎముకలు పల్చన. మెడకి అతుకూ బలహీనమే. నీటి ఉరవడికి ముందుగా కొట్టుకుపోయేది అదే. కాబట్టి మ్యూజియంలో కోటాసారస్ భుజాల మీద కనిపించే తల దాని సొంతం కాదు, దగ్గరి బంధువుల పోలికతో చేసిపెట్టిందే. ఎక్కడ అసలుంది, ఎక్కడ ఊహ ఉంది... ఈ తేడా తెలిసి ఉండటం మ్యూజియం శాస్త్రానికి మొదటి పాఠం.

రాయికి పిండికట్టు

సినిమాల్లో చూపించినట్టు బ్రష్‌తో అలా అలా దులిపితే పూర్తి అస్థిపంజరం బయటపడదు. అసలు పని ఎముక కనిపించిన తర్వాతే మొదలవుతుంది. మొదట ఆ స్థలాన్ని గళ్ళుగళ్ళుగా విభజిస్తారు. ఏ ఎముక ఏ గడిలో, ఏ లోతులో, ఎటు తిరిగి పడి ఉందో బొమ్మ గీస్తారు. ఫొటోలు తీస్తారు. ప్రతి ఎముకకీ ఒక అంకె వేస్తారు.

కోట్ల ఏళ్ళు భూమిలో ఉన్న ఎముక గాలి తగిలేసరికి బీటలు వారుతుంది. అందుకే పల్చటి జిగురు పట్టించి గట్టిపరుస్తారు. పైన తడి కాగితం పరుస్తారు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచిన గోనె పట్టీలు చుడతారు. విరిగిన చేతికి వేసే పిండికట్టు లాంటిదే ఇదీ. అది గట్టిపడ్డాక కింది మట్టిని తొలిచి, బోర్లా తిప్పి, రెండోవైపూ కట్టు కడతారు. ఆ మూట మ్యూజియానికి చేరుతుంది.

అక్కడ సూదుల్లాంటి పరికరాలతో చుట్టూ ఉన్న రాతిని గింజ గింజగా రాలుస్తారు. సున్నపురాయిలో ఇరుక్కున్న శిలాజమైతే కొన్నిసార్లు పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో ఉంచుతారు. వెనిగర్‌లో ఉండేది ఆ ఆమ్లమే. అది రాయిని కరిగిస్తుంది, ఎముకని చాలావరకు వదిలేస్తుంది. ఒక్క పుర్రె శుభ్రం కావడానికి నెలలు పట్టడం మామూలే. విరిగిన ముక్కల్ని అతికించే జిగురు విషయంలోనూ ఒక నియమం ఉంది. రేపు అవసరమైతే ఊడదీయగలిగేదే వాడాలి. ఎందుకంటే ఇవాళ మనం అతికించింది తప్పని రేపటి పరిశోధకుడికి తెలియొచ్చు కదా!

ఒక్క అంకె విలువ

మ్యూజియంలోని ప్రతి శిలాజం మీద నల్లసిరాతో చిన్న అంకె ఉంటుంది. సందర్శకుడి కంటికి ఆనదు. కానీ మ్యూజియంలో అన్నింటికన్నా విలువైంది అదే. ఆ అంకె పట్టుకుని రిజిస్టర్ తెరిస్తే ఎముక ఏ ఊరి దగ్గర, ఏ పొరలో, ఏ తేదీన, దేని పక్కన దొరికిందో తెలుస్తుంది. ఆ అంకె చెరిగిపోతే ఎముక అనాథ అయిపోతుంది. చూడ్డానికి అలాగే ఉంటుంది... సాక్ష్యంగా మాత్రం పనికిరాదు.

కొత్త జీవికి పేరు పెట్టేటప్పుడు ఒక నమూనాని ప్రామాణికంగా ప్రకటిస్తారు. దాన్ని ‘హోలోటైప్’ అంటారు. కోటాసారస్‌కి ఆ హోదా ఓ తుంటి ఎముకది. ప్రపంచంలో ఎక్కడ అలాంటి ఎముక దొరికినా ‘ఇదీ కోటాసారసేనా?’ అని తేల్చుకోవడానికి ఆ అసలు నమూనాతో పోల్చి చూడాల్సిందే. బంగారం తూకానికి అసలు రాయిలాంటిది అది.

పక్కన ఏముందన్న వివరం ఎంత ముఖ్యమో చెప్పే ఉదాహరణ ఈ లోయలోనే ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి పొరల్లో మొసలి లాంటి ‘పారాసూకస్’ అస్థిపంజరాలు రెండు పక్కపక్కనే దొరికాయి. వాటి పొట్ట భాగంలో వేరే చిన్న జంతువుల ఎముకలు ఉన్నాయి. అంటే... అవి తిన్న ఆఖరి భోజనమన్నమాట! ఆ భోజనమే శాస్త్రానికి కొత్త జీవి. శంకర్ చటర్జీ 1980లో దానికి ‘మాలెరిసారస్ రాబిన్సనే’ అని పేరు పెట్టారు. పమేలా రాబిన్సన్ గౌరవార్థం. ఎవరో ఒకరు ముచ్చటపడి ఆ చిన్న ఎముకల్ని ఏరుకుని జేబులో వేసుకుని ఉంటే ఎవరు ఎవర్ని తిన్నారన్న కథే మిగిలేది కాదు.

దీనికి రెండోవైపు కూడా ఉంది. అవే మాలేరి పొరల నుంచి వచ్చిన ఓ చిన్న డైనోసార్‌ని 1987లో ప్రకటించారు. మొదట పెట్టిన ‘వాకెరియా’ పేరు అప్పటికే వేరే సముద్రజీవికి ఉండటంతో 1994లో ‘అల్వాకెరియా’గా మార్చారు. ఆ తర్వాత 2005లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ ఎముకల్ని మళ్ళీ పరిశీలించారు. పుర్రె భాగం ఒక జంతువుది, మిగిలిన ఎముకల్లో కొన్ని ఇంకో జంతువువి అయివుండొచ్చన్నారు! ఈ అనుమానం నివృత్తి చేసుకునే అవకాశం ఎందుకుంది? అసలు ఎముకలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి.

పప్పుగింజంత పన్ను

మ్యూజియం అంటే భారీకాయాలే అనుకుంటే పొరపాటు. కోట పొరల్లో రాకాసుల కాళ్ళ సందున చిట్టెలుకంత జీవులు కూడా తిరిగాయి. అవి మనలాంటి క్షీరదాల తొలి బంధువులు. వాటి పళ్ళు ఓ పప్పుగింజ కన్నా చిన్నవి. కంటితో వెతికితే దొరకవు. బస్తాలకొద్దీ మట్టి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, సన్నటి జల్లెళ్ళలో కడిగి, ఎండబెట్టి, మిగిలిన రవ్వని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క గింజా చూడాలి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు!

ఆ ఓపికకి ఫలితంగానే 1981లో జీఎస్ఐ శాస్త్రవేత్త పి.ఎం.దత్తా జురాసిక్ కాలపు క్షీరదం మనదేశంలో తొలిసారి దొరికిందని ప్రకటించారు. ఒక పన్నే ఆధారం. ఆ జీవికి ‘కోటాథీరియం హాల్డేని’ అని పేరు పెట్టారు. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి వచ్చి కొన్నాళ్ళు అదే ఐఎస్ఐలో పనిచేశారు. కోట పొరల్లో ఇంకా చేపలు దొరికాయి. సీలకాంత్ అనే పురాతన జాతి మీనమూ వాటిలో ఉంది. ఎగిరే సరీసృపం ఆనవాలు కూడా ఉందని 1974లో ప్రకటించారు. ఇలా ముక్కాముక్కా పేరిస్తేనే 18 కోట్ల ఏళ్ళ కిందటి గోదారి కళ్ళముందుకొస్తుంది. నీటిలో చేపలు, ఒడ్డున ఎత్తయిన చెట్లు, వాటి చివుళ్ళు మేస్తున్న మంద, ఆ మంద కాళ్ళ కింద చిట్టి జీవులు...

మాయమైన మహాకాయం

ఇక అసలు విషాదం. ఇది జరిగింది పొరుగునే ఉన్న తమిళనాడులో. అరియలూరు ప్రాంతంలోని కల్లమేడు దగ్గర దొరికిన ఎముకల్ని కోటాసారస్‌కి పేరు పెట్టిన యాదగిరి, మరో శాస్త్రవేత్త కె.అయ్యాసామి కలిసి 1980ల చివర్లో వివరించారు. కాలి ఎముక ఒకటే రెండు మీటర్ల పొడవుందన్నారు. ‘బృహత్కాయోసారస్’ అని పేరు పెట్టారు. మొదట మాంసాహారి అనుకున్నారు గానీ తర్వాత సారోపాడ్ అయివుంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ కొలతలే నిజమైతే భూమ్మీద నడిచిన అతిపెద్ద జంతువుల్లో అదొకటి. బహుశా అన్నిటికన్నా పెద్దది!

మరి ప్రపంచ రికార్డు మనదే కదా? కాదు. ఎందుకంటే చూపించడానికి ఎముక లేదు. అక్కడి శిలాజాలు చాలా పెళుసు. వానలకీ తడికీ దెబ్బతిని పొడిపొడిగా రాలిపోయాయి. హోలోటైప్ ఎముకలు శిథిలమై ఇక లేవని 2017లో ప్రచురితమైంది. మిగిలినవి కొన్ని గీతబొమ్మలు, కొలతలు. దాంతో కొందరు ‘అసలవి ఎముకలేనా? రాయిగా మారిన చెట్ల మానులేమో!’ అని కూడా సందేహించారు. చివరికి 2022లో అప్పటి ఫొటోలు కొన్నింటిని వెలికితీసి ప్రచురించాక ఆ అనుమానం చాలావరకు సద్దుమణిగింది. అయినా ఫొటోని కొలవొచ్చుగానీ కోసి చూడలేం, స్కాన్ చేయలేం. కోట్ల ఏళ్ళు నేలలో భద్రంగా ఉన్నది, బయటికొచ్చిన కొన్నేళ్ళకే చేజారిపోయింది.

తవ్వడం వేరు, దక్కించుకోవడం వేరు. బృహత్కాయోసారస్ చెప్పే పాఠం ఇదొక్కటే.

మంటల్లో చరిత్ర

లోపలికి తెచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ఈజిప్టులో దొరికిన ‘స్పైనోసారస్’ మొదటి ఎముకలు జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియంలో ఉండేవి. రెండో ప్రపంచయుద్ధంలో 1944 ఏప్రిల్‌లో బాంబుదాడికి ఆ భవనంతోపాటు అవీ నాశనమయ్యాయి. అయితే ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ అనే శాస్త్రవేత్త 1915లోనే వాటి బొమ్మలు, కొలతలు వివరంగా ప్రచురించి ఉండటంతో ఆ జంతువు పూర్తిగా చెరిగిపోలేదు. దశాబ్దాల తర్వాత మొరాకోలో కొత్త ఎముకలు దొరికినప్పుడు పోల్చుకోవడానికి ఆ కాగితాలే దిక్కయ్యాయి.

మనదేశంలోనూ అలాంటి దెబ్బ తగిలింది. 1978లో ప్రారంభమైన ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నికి ఆహుతైంది. తరాల పిల్లలు చూసి మురిసిన నమూనాలు బూడిదయ్యాయి. రెండేళ్ళకి 2018 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 200 ఏళ్ళ జాతీయ మ్యూజియం కాలిపోయింది. లక్షల నమూనాలు పోయాయి. నిప్పు ఒకటే కాదు, తేమ కూడా శత్రువే. కొన్ని శిలాజాల్లో ఉండే పైరైట్ అనే ఖనిజం తేమ తగిలితే ఆమ్లంగా మారి ఎముకని లోపలి నుంచే తినేస్తుంది. అందుకే మంచి మ్యూజియంలో సందర్శకులు చూసే హాలుకన్నా వెనకగది ముఖ్యం. అక్కడ గాలి, తేమ అదుపులో ఉండాలి. రిజిస్టర్లకి నకళ్ళు ఉండాలి. ముఖ్యమైన ఎముకలకి అచ్చులు పోసి, త్రీడీ స్కాన్ తీసి మరోచోట దాచాలి.

సొరుగు తెరిస్తే కొత్త కబురు

ఒకసారి చదివేసిన ఎముకని ఇంకా ఎందుకు దాచడం అని అనిపించొచ్చు. కానీ కొత్త ప్రశ్న పుట్టినప్పుడల్లా పాత ఎముకే జవాబు చెబుతుంది. 1961లో తవ్విన బరాపాసారస్ ఎముకల సమగ్ర వివరణ 2010లో వచ్చింది. అరవై ఒకటిలో తవ్వినవాళ్ళు కుర్రాళ్ళు. వివరించేనాటికి మరో తరం వచ్చేసింది! గోదావరి లోయలోని ధర్మారం పొరల్లో సేకరించిన శాకాహార డైనోసార్‌కి 2007లో ‘లాంప్లుసారా’ అని పేరొచ్చింది. పమేలా రాబిన్సన్ పూర్తిపేరు పమేలా లాంప్లు రాబిన్సన్. లోయలో బాట వేసిన ఆవిడ పేరు లోయ ఎముకకే దక్కింది.

ఇప్పుడు ఆస్పత్రిలో తీసే సీటీ స్కాన్‌తో రాతిని పగలగొట్టకుండానే లోపలి పుర్రెని చూడొచ్చు. ఎముకని కాగితమంత పల్చటి పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే చెట్టు మానులోలాగే పెరుగుదల వలయాలు కనిపిస్తాయి. ఎన్నేళ్ళు బతికిందో, ఎంత వేగంగా పెరిగిందో చెబుతాయి. 1970ల్లో తవ్విన ఎముకకి ఈ పరీక్షలుంటాయని ఆనాడు ఎవరూ ఊహించలేదు. ఇప్పుడు దాచినవాటికి రేపు ఏ పరీక్షలొస్తాయో మనకీ తెలియదు.

మన వంతు ఏమిటి?

పురాతన గుడి రాతిని కాపాడటానికి చట్టాలున్నాయి. అడవి జంతువుని కాపాడటానికీ ఉన్నాయి. శిలాజాల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చే ఉద్దేశంతో కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ముసాయిదా బిల్లుని ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. భూవారసత్వ స్థలాలు, భూఅవశేషాల పరిరక్షణ దాని లక్ష్యం. స్థానికంగా కూడా చేయగలిగింది ఉంది. సిరొంచ తాలూకాలోని వడధం దగ్గర మహారాష్ట్ర అటవీశాఖ శిలాజాల పార్కుని ఏర్పాటు చేసింది. ఎక్కడి సంపదని అక్కడివాళ్ళకి చూపిస్తే కాపలా కూడా వాళ్ళే కాస్తారన్నది దీని వెనకున్న ఆలోచన.

గోదావరి లోయ పల్లెల్లో పశువులు కాసేవాళ్ళకి, పొలం దున్నేవాళ్ళకి శిలాజాలు ఎదురుపడటం వింతేమీ కాదు. చెట్టు మానులాంటి రాయి, వెన్నుపూసలాంటి గడ్డ, పళ్ళవరసలాంటి పలక... ఏది కనిపించినా పీకొద్దు. కడగొద్దు. ఇంటికి తెచ్చి షోకేసులో పెట్టొద్దు. పక్కన ఓ రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి. అలా చేస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. ఊరు, వాగు లేదా గుట్ట పేరు, తేదీ రాసుకోండి. హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ కార్యాలయానికో, దగ్గర్లోని కాలేజీ భూగర్భశాస్త్ర విభాగానికో కబురు చేయండి.

వీర్నపల్లి లాంటి గ్రానైట్ ఊళ్ళ పిల్లలకీ ఒక మాట. రాతి పలక మీద నల్లటి ఆకులూ కొమ్మల్లాంటి బొమ్మ కనిపిస్తే అది శిలాజం కాకపోవచ్చు. రాతి పగుళ్ళలోకి చేరిన మాంగనీస్ ఖనిజం గీసే చిత్రమది. దాన్నీ గుర్తుపట్టడం శాస్త్రమే. మీ ఊరి గుట్ట రాకాసిబల్లుల కన్నా ఎన్నో రెట్లు పెద్దదని, వయసులో వాటికి ముత్తాతలాంటిదని తెలుసుకోవడం కూడా తక్కువ సంగతేం కాదు.

ఈసారి కుటుంబంతో హైదరాబాద్ వెళ్ళినప్పుడు ప్లానెటేరియం చూసి వచ్చేయకండి. పక్కనున్న కోటాసారస్ దగ్గర కాసేపు ఆగి, పిల్లలకి దాని ఎత్తూ పొడవే కాదు, ఊరు కూడా చెప్పండి.